పాతేహాకా, కూట్లోకా

కంబదూరులో గుడ్లు మానేసిన పెట్టకు ఆయుష్షు తీరినట్టే. ఏ ఇంట్లోనైనా అంతే. మాబీ ఇంట్లో మాత్రం అలాంటి పెట్ట గురువారం దాకా బతికేది. గురువారం పొద్దు వాలే వేళకు మాబీ దాన్ని చంకన పెట్టుకుని మసీదు పక్క సందులో రసూల్ సాబ్ ఇంటికి పోయేది. రసూల్ సాబ్ ఆ మసీదు ముల్లా. సాయిబుల ఇళ్ళలో కోడిని కోయాలన్నా, చచ్చిపోయినవాళ్ళ పేరు మీద ఫాతెహా చదవాలన్నా ఊరికి ఆయనొక్కడే దిక్కు. రాతి మీద కత్తి నూరుకుంటూ ఆయన ఒకే మాట అడిగేవాడు.

"పాతేహాకా, కూట్లోకా?"

"కూట్లోకే మామా."

ఆయన తల ఊపి, బిస్మిల్లా అని, పని కానిచ్చేవాడు. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. కోడి కోసే మాటే కదా, ఇందులో ఏముంది అనిపిస్తుంది వినేవాళ్ళకు. మాబీ కాపురమంతా ఆ ఒక్క జవాబు మీదే నిలబడి ఉండేది.

గురువారం సాయంత్రం చచ్చిపోయినవాళ్ళు తమ ఇళ్ళ గడపల దాకా వచ్చి, తమకోసం ఏమైనా వండారా అని చూసిపోతారని అక్కడి సాయిబుల నమ్మకం. అందుకని వాళ్ళు ఇష్టపడి తిన్నదేదో వండి, ఊదు పొగ వేసి, ముల్లా చేత ఫాతెహా చదివించి, ఆ తిండిని నలుగురికీ పంచుతారు. చచ్చినవాళ్ళకే గాని బతికున్నవాళ్ళకు ఎవరూ ఫాతెహా చదివించరు. మాబీ మొగుడు హజరత్ వలి ఊరు విడిచిపోయి ఏళ్ళు గడిచాయి. ఉన్నాడో పోయాడో చెప్పే మనిషి లేడు. మాబీ 'కూట్లోకే' అన్నంతకాలం అతను ఉన్నట్టు. 'పాతేహాకే' అన్ననాడు పోయినట్టు. ఆ మాట ఆమె నోట ఎప్పుడొస్తుందా అని ఊరు కాచుకుని కూర్చుంది. ఊరికి ఇంకేం పని! ఒకరింట్లో చావు తేలకపోతే పదిళ్ళవాళ్ళకు నిద్రపట్టదు.

హజరత్ వలిది వార్నీషు పని. తలుపులు, మంచాలు, ఉయ్యాల బల్లలు, ఏది ముట్టుకున్నా అద్దంలా తేల్చేవాడు. మాటకారి. అతను పని చేస్తున్న ఇంటి ముందు నలుగురు ఊరికే చేరి కూర్చునేవాళ్ళు. మాబీ అతని ఇంటికి వచ్చేసరికి అత్తా లేదు, మామా లేడు. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత చెప్పినవాళ్ళకేం, చెప్పేశారు. పొయ్యి దగ్గర ఇది ఇట్లా చెయ్యమ్మా అని చెప్పే దిక్కు లేకపోతే ఆ ఉత్తమురాలి పాట్లు వాళ్ళకేం తెలుసు?

కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు మాబీ కోడి వండబోయింది. అది ముసలి పెట్ట. ఎంత మంట పెట్టినా ముక్క మెత్తబడదు. మొగుడు పనినుంచి వచ్చే వేళైంది. గాబరాపడి ముక్కలన్నీ బయటికి తీసి, ఎముకలు ఏరి, పచ్చిమిరపకాయలూ అల్లమూ తెల్లగడ్డలూ వేసి రోట్లో దంచేసింది. వేయించిన చెనక్కాయ విత్తనాల పొడి కలిపి ఉండలు చేసి నూనెలో వేయించింది. అంతవరకు బాగానే ఉంది. పక్క పొయ్యి మీద పులుసు కోసం బెల్లమూ చింతపండూ కలిపి పెట్టిన నీళ్ళ సంగతి మరిచిపోయింది. అవి ఇగిరి ఇగిరి జిగురు పాకమై కూర్చున్నాయి. పులుసే అనుకుని ఉండలు తెచ్చి అందులో పడేసింది. అప్పుడే హజరత్ వలి లోపలికి వచ్చాడు. ఒక ఉండను వేళ్ళతో ఎత్తి దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమే మాబీ, వీటికి వార్నీషు పూసినావా?"

మాబీకి ఏడుపొచ్చేసింది. అతను మాత్రం ఒకటి తిని, రెండోది తిని, గిన్నె తనవైపు లాక్కున్నాడు.

"ఏడ్చాకు. కారము, పులుపు, తీపి, అన్నీ ఉండాయి దీంట్లో. పాకమే ఒక్కసారిగా కుమ్మరించినావు, గడ్డగట్టింది. వార్నీషు అట్ల పూస్తారా యాడన్నా? పొయ్యి మీంచి దించుకో. పల్చగా ఒక చెయ్యి పట్టించు, ఆరనీ, మళ్ళా ఒక చెయ్యి. గంటె పెట్టి కలపద్దు, గీసుకుపోతాది. బాణలి పట్టుకుని తిప్పు."

ఆ తర్వాత మాబీ అలాగే చేసింది. బాణలి దించి, చుట్టూ తిప్పుతూ, కొంచెం కొంచెంగా పాకం పోసేది. ఉండలు దొర్లుతూ పాకాన్ని పట్టుకుని నిగనిగమనేవి. సంగటి కెలికేలోపు కూర అయిపోయేది. పొద్దంతా పని చేసి వచ్చిన ఇద్దరికి అంతకన్నా ఏం కావాలి? తప్పు ఆమెది, దిద్దుబాటు అతనిది, కూర ఇద్దరిదీ. ఒక్క సంగతి మాత్రం అతనికి తెలియదు. ముసలి పెట్ట కడుపులోని పసుపుపచ్చ కొవ్వును మాబీ కరిగించి పాకంలో కలిపేది. అసలు మెరుపు దానిది. అతను ఇల్లు చేరే వేళకు ఆ పని అయిపోయి ఉండేది. అదంతా తన పూత మహిమేనని అతను మురిసిపోయేవాడు. మురిసిపోనీలే అని మాబీ ఊరుకునేది.

డెబ్బై రెండులో కరువొచ్చింది. ఆ సీమలో కరువు రాని ఏడు ఏదిలే గాని, అది మనుషులను పెళ్ళగించిన కరువు. బావులు ఎండాయి, గొడ్లు కబేళాకు పోయాయి. తలుపులకు వార్నీషు ఎవరు పూయిస్తారు, తలుపులే ఊడబీకి అమ్ముకుంటుంటే? హజరత్ వలి కుంచెలు గుడ్డలో చుట్టుకున్నాడు.

"కన్నడం పక్క పని దొరుకుతాదంట. కుదిరినాక నిన్ను పిలిపిచ్చుకుంటా. అంతవరకు అప్పుడప్పుడు వచ్చిపోతా. శుక్రవారం అంగళ్ళు మూస్తారు, బేస్తవారం సాయంత్రం బస్సుకు వస్తా. ఉండలు చేసిపెట్టు."

మొదట్లో రెండు మూడు సార్లు వచ్చాడు. తర్వాత ఎవరితోనో క్షేమమని కబురు పెట్టాడు. తర్వాత కబురూ లేదు, మనిషీ లేడు.

చూడండి ఖర్మ. చచ్చినవాళ్ళు గడపకొచ్చే సాయంత్రమే అతను వస్తానన్నది. ఊళ్ళో సాయిబుల ఇళ్ళ ముందు ఊదు పొగ లేచే వేళకే కళ్యాణదుర్గం బస్సు హారను కొట్టుకుంటూ వచ్చేది. అందరూ తమ చచ్చిపోయినవాళ్ళకు పళ్ళేలు సర్దుతుంటే మాబీ గడపలో నిలబడి బస్సు దిగేవాళ్ళను చూసేది. మూటలు దిగేవి, మేకపిల్లలు దిగేవి, సంతనుంచి వచ్చే ఆడవాళ్ళు దిగేవాళ్ళు. బస్సు ఖాళీ అయిపోయి, డ్రైవరు దిగి బీడీ ముట్టించుకున్నాక మాబీ లోపలికి వచ్చేది.

కోడి వండిన గురువారం రెండు పళ్ళేలు పెట్టేది. ఒకటి తనకు, ఒకటి అతనికి. తనది ముందుగా తినేది కాదు. ఈ బస్సు తప్పి ఏ లారీలోనో వస్తాడేమోనని కూర్చునేది. చూస్తుండగానే ఉండల మెరుపు తగ్గేది. కొవ్వు పేరుకుని తెల్లటి పొర కట్టేది. అప్పుడు తన పళ్ళెం తినేది. అతని పళ్ళెం మీద బుట్ట బోర్లించేది. పొద్దున అదీ తనే తినేది. పారేయడానికి మనసొప్పదు, ఇంకెవరికైనా పెట్టడానికీ మనసొప్పదు. చల్లారిన కూర తినీ తినీ వేడి కూర రుచే మరిచిపోయింది ఆ మనిషి.

మిగతా రోజులు ఎలాగో గడిచేవి. శ్రీరంగప్ప అనే షావుకారు దొడ్డిలో ఆడవాళ్ళతో కూర్చుని విత్తనం కాయలు ఒలిచేది. బొటనవేలి గోరు అరిగి చదునైపోయింది. అక్కడ చేతులతోపాటు నోళ్ళూ ఆడేవి. పక్కింటి గంగక్క మంచిదే. మంచిదైనంత మాత్రాన నోరు ఊరుకుంటుందా?

"మాబీ, ఆ నల్లపూసలు యాలకే ఇంగా? రాయదుర్గంలో మీ అన్న మారుమనువు చేస్తానంటాండాడంట గదా. పో. ఒక్కదానివే గోడలతో మాట్లాడుకుంటా ఎన్నాళ్ళుంటావు?"

"గోడలతో యాడ మాట్లాడుతాండా? కోళ్ళుండాయి గదా."

ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. మాబీ కూడా నవ్వేది. అది నిజమేనని వాళ్ళెవరికీ తెలియదు. ఇంటికి పోయి కోళ్ళను గంప కింద మూసేటప్పుడు ఆనాటి సంగతులన్నీ వాటికే చెప్పేది. అవి కొక్కొక్కమని సర్దుకునేవి. ఆ తర్వాత ఇంట్లో మాటనేదే ఉండేది కాదు. కొన్నిసార్లు తన దగ్గు తనకే వినబడి, ఎవరో ఉన్నారనుకుని తల తిప్పి చూసేది.

లోకులు పలుగాకులు, వాళ్ళ మాట ఆమె లెక్కచెయ్యలేదు. ముల్లును లోపలికి దించింది మాత్రం రసూల్ సాబే. ఒక గురువారం ఆయన కోడి కోసి చేతికిస్తూ, కావాలని కాదు, జాలిపడే అన్నాడు.

"నాకేం తెల్సమ్మా, ఉండాడో లేడో అల్లాకే తెల్సు. ఒకవేళ పోయింటే మాత్రం? ప్రతి జుమ్మేరాత్రీ గడప కాడికి వస్తాంటాడు. నువ్వు ఉండలు చేస్తావు, పేరు మీద చదివిచ్చవు. వానికి ఒక్క మెతుకన్నా అందదు. వాసన చూసి ఆకలితో పోతాంటాడు గదమ్మా."

ఆ రాత్రి మాబీకి ముద్ద దిగలేదు. చదివిస్తే బతికున్న మొగుణ్ణి తన నోటితో చంపినట్టు. చదివించకపోతే చచ్చిన మొగుణ్ణి పస్తు పెట్టినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. అయినా మరుసటి పెట్టను తీసుకుపోయినప్పుడు 'కూట్లోకే మామా' అనే చెప్పింది. బతికుంటాడన్న ఆశను వదులుకుంటే ఆ ఇంట్లో ఇంక తను ఎందుకున్నట్టు?

అలా డెబ్బైలు దాటి ఎనభైలు సగానికొచ్చాయి. మళ్ళీ వానలు లేవు. శ్రీరంగప్ప సరుకును బళ్ళారికి తోలే లారీ డ్రైవరు ఓబుళేసు ఒక మధ్యాహ్నం కాయల దొడ్డిలోకి వచ్చి మాబీ ముందు గొంతుక్కూర్చున్నాడు. అంతకు ముందెప్పుడో అతని లారీ కంబదూరులో చెడిపోయి పొద్దున్నే ఆకలితో నిలబడిపోతే, మాబీ జాలిపడి ఆనాటి బుట్ట కింది పళ్ళెం అతనికి పెట్టింది. మొగుడి పళ్ళెం ఇంకొకరికి పెట్టింది ఆ ఒక్కసారే.

"మాబక్కా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. నువ్వు పెట్టిన కోడి ఉండలు ఉండాయి చూడు, తియ్యగా, పుల్లగా, మీద వార్నీషు మాదిరి... అట్లాటివి మొన్న బళ్ళారిలో తిన్నా."

మాబీ చేతిలో కాయ అలాగే నిలిచిపోయింది.

"యాడ?"

"కౌల్ బజార్లో. మంచాలు, కుర్చీలు చేసే అంగళ్ళ సందు. లారీ నిలిపింటే ఒకామె పిలిచి పళ్ళెం చేతిలో పెట్టింది. నాకే గాదు, ఆడుండే వాళ్ళందరికీ పెట్టింది. తురకామే. ఇది యాడ నేర్చుకున్నావమ్మా అంటే మా ఇంటాయన నేర్పిచ్చినాడు అనె. నెలలో మొదటి బేస్తవారం ఎప్పుడూ పెడ్తుందంట. నీ అంత నైసుగా రాలేదులే."

ఓబుళేసు ఆ పళ్ళెం ఎందుకు పెట్టారో ఎరగడు. తిండి పెట్టారు, తిన్నాడు, అంతే. మాబీకీ అది తట్టలేదు. తట్టాల్సిందే, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గురువారం పళ్ళేలు చూస్తున్న మనిషికి. కానీ 'మా ఇంటాయన నేర్పిచ్చినాడు' అన్న మాట చెవిన పడ్డాక ఇంకేదీ పడలేదు. ఆ కూర చేసేవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు ఇక్కడున్నారు. రెండోవాడు బళ్ళారిలో ఉన్నాడన్న మాటేగా! ఇంకో ఆడదాని ఇంట్లో ఉన్నాడా, ఉండనీ. బతికున్నాడు కదా. కోపం తర్వాత పడొచ్చు. అది ఎక్కడికీ పోదు.

మరుసటి నెల మొదటి గురువారానికి ముందురోజు మాబీ కోళ్ళ గంప ఎత్తింది. గుడ్లు మానేసినదాన్ని కాదు, పెడుతున్నదాన్నే, అన్నింట్లోకి బాగా కొవ్విన దాన్ని పట్టుకుంది. రసూల్ సాబ్ ఆశ్చర్యపోయాడు.

"ఈపొద్దు బుధవారం గదమ్మా? పాతేహాకా, కూట్లోకా?"

"కూట్లోకే మామా. ఈ తూరి ఆయనే తింటాడు."

మరునాడు పొద్దు పొడవకముందే ఉండలు చేసింది. ఎప్పుడూ పోసేదానికన్నా ఎక్కువసార్లు పాకం పోసింది, ఎక్కువసేపు బాణలి తిప్పింది. టిఫిన్ క్యారియరు కింది గిన్నెలో సంగటి, పైగిన్నెలో ఉండలు సర్దింది. ఆకుపచ్చ గాజులు కొత్తవి తొడుక్కుంది. కళ్యాణదుర్గంలో ఒక బస్సు, రాయదుర్గంలో ఒక బస్సు మారింది. దారి పొడవునా చేలన్నీ ఒకటే రంగు. మోకాలెత్తు కూడా ఎదగని చెనక్కాయ చెట్లు ఎండి నేలకంటుకుపోయి ఉన్నాయి. మాబీ అవేవీ చూడలేదు. క్యారియరు ఒళ్ళో పెట్టుకుని, అతన్ని తిట్టాల్సిన తిట్లు వరసగా పేర్చుకుంటూ కూర్చుంది. తిట్టి తిట్టి చివరికి గిన్నె తెరిచి ముందు పెట్టాలి. ఆ తెరిచే చోటికి వచ్చేసరికి తిట్లన్నీ మరిచిపోయేది. మళ్ళీ మొదటినుంచి పేర్చుకునేది.

బళ్ళారిలో దిగి అడుగుతూ అడుగుతూ ఆ సందు చేరేసరికి పొద్దు వాలుతోంది. సందులోకి తిరగ్గానే వార్నీషు వాసన గుప్పుమంది. పెళ్ళైన కొత్తలో అతని చొక్కా ఉతికేటప్పుడు వచ్చే వాసన అది. కొంగుతో మొహం తుడుచుకుని ఓబుళేసు చెప్పిన గుర్తు ప్రకారం నీలం తలుపు ముందు నిలబడింది. తనకన్నా చిన్నది, ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. ఆమె పేరు జైతూన్.

"ఎవురు కావాలక్కా?"

హజరత్ వలి ఉండాడా అని అడగాలని వచ్చింది. నోరు తెరిచేలోపు లోపలినుంచి ఇంకో వాసన వచ్చింది. ఊదు పొగ.

"కొంచెం నీళ్ళియ్యి చెల్లీ. ఎండలో వచ్చినా."

"లోపలికి రాక్కా. పాతేహా పూట ఇంటికొచ్చినోళ్ళను నిలబెట్టకూడదు. యా ఊరు మీది?"

"కంబదూరు."

"కంబదూరా! మా ఇంటాయన గూడా ఆ పక్కే అంటాండె. కళ్యాణదుర్గం కాడ ఏదో పల్లె."

అంటాండె అంది గాని అంటాడు అనలేదు. మాబీ నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"ఇప్పుడు యాడుండాడు?"

"పోయినాడక్కా. వార్నీషు పొగకు రొమ్ము పట్టేసింది. పోయిన ఏడు, వానాకాలంలో." జైతూన్ చాప పరుస్తూనే చెప్పింది. ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పిన మాట కాబట్టి మామూలుగానే చెప్పింది. ఇటు తిరిగి మాబీ మొహం చూసి ఉంటే అంత మామూలుగా చెప్పగలిగేది కాదు.

మాబీ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. పోయిన ఏడు వానాకాలం తర్వాత ఎన్ని పెట్టలను కోయించింది, ఎన్నిసార్లు 'కూట్లోకే' అంది, ఎన్నిసార్లు అతను గడప దాకా వచ్చి ఉత్తచేతులతో పోయాడు అన్న ఆలోచన ఒక్కటే తిరుగుతోంది. అంతలో జైతూన్ రెండు పళ్ళేలు తెచ్చి చాప మీద పెట్టింది. రెండింట్లోనూ ఉండలే. పాకం ఎక్కువై అడుగున మడుగు కట్టింది. మెరుపు లేదు.

"రెండు పళ్ళేలు యాలకు?" అంది మాబీ. ఆ ప్రశ్న ఎవరి గొంతో అడిగినట్టు వినబడింది ఆమెకు.

"ఒకటి ఆయనది. ఇంగొకటి ఆయన మొదటి పెండ్లాముది. కరువులో పోయిందంట, పాపం. మాబీ అని. నన్ను చేసుకునేటప్పుడే చెప్పినాడు. ప్రతి నెలా ఆమె పేరు మీద చదివిచ్చందే ఉంటాండలేదు. ఈ ఉండలు ఆమె చేస్తాండెనంట. ఆయనే పక్కన కూచ్చోని నాకు నేర్పిచ్చినాడు. ఎట్ల చేసినా, ఇది గాదు జైతూన్, ఆ నిగనిగ రాలేదు అంటాండె. తిని ఏడుస్తాండె కూడా. ఆయన పోయినాక ఇద్దరి పేర్ల మీదా నేనే చదివిస్తాండా."

అదీ సంగతి. ఒక్క మాట అంటే చచ్చిపోతాడేమోనని ఇక్కడ ఈ మనిషి ఏళ్ళ తరబడి ఆ మాట పెదవి దాటనివ్వలేదు. అక్కడ ఆ మనిషి ఇంకో పెళ్ళి కోసం ఈమెను తేలిగ్గా చంపేసి, చంపినందుకు నెలనెలా ఏడ్చి, తిండి పెట్టాడు. ఏమనాలి అలాంటివాణ్ణి? మాబీ బస్సులో పేర్చుకున్న తిట్లలో ఇతనికి సరిపోయేది ఒక్కటీ లేదు. కడుపు మండిపోయింది. ఆ మంటలోనే, తన పేరు మీద ఒక పళ్ళెం ఇన్నేళ్ళూ తప్పకుండా పెట్టారని తెలిసి ఇంకెక్కడో చల్లబడింది కూడా. రెండూ నిజమే. ఆమెకు తన పేరు మీద పెట్టిన పళ్ళెం తప్ప ఇంకేదీ కనబడలేదు.

ఆ వీధి ముల్లా వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఊదు మళ్ళీ నిప్పుల మీద పడింది. ముల్లా చేతులు ఎత్తబోతుండగా మాబీ ముందుకు జరిగింది.

"ఆగు సామీ, ఒక గడియ."

క్యారియరు ఒళ్ళోకి తీసుకుని పైగిన్నె మూత తెరిచింది. హజరత్ వలి పళ్ళెంలోని ఉండలను పక్క గిన్నెలోకి ఒంపేసి, తన ఉండలను ఒక్కొక్కటే తీసి అందులో సర్దింది. అంత దూరం బస్సుల్లో కుదుపులు తిన్నా పూత చెదరలేదు. దీపం వెలుతురు ప్రతి ఉండ మీదా చుక్కలా నిలబడింది.

జైతూన్ పళ్ళెం చూసింది. మాబీ మెడలో నల్లపూసలు చూసింది. చేతులకున్న ఆకుపచ్చ గాజులు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముల్లాకు ఇవేవీ పట్టలేదు. ఆయనకు ఇంకో రెండిళ్ళలో చదవాల్సి ఉంది. "ఎప్పటి మాదిరేనామ్మా, ఇద్దరి పేర్ల మీదా?" అని అడిగాడు.

మాబీయే చెప్పింది.

"హజరత్ వలి పేరు మీద చదువు సామీ. రెండో ఆమె బతికుండాది."

ముల్లా చదివాడు. మాబీ రెండు చేతులూ ఎత్తి, చివరిదాకా విని, ఆమీన్ అని మొహం మీద చేతులు రాసుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. జైతూన్ పక్కన కూర్చుని, "నాకు తెల్దక్కా, అల్లా సాక్షిగా నాకు తెల్దు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

ఏడుపు తగ్గాక మాబీ ముక్కు తుడుచుకుని, తన పేరు మీద పెట్టిన రెండో పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"ఇది నాదే గదా," అని ఒక ఉండ తింది. "ఉప్పు సరిపోయింది. కోడి కొవ్వు కరిగిచ్చి పాకంలో వెయ్యాల చెల్లీ. అది ఆయనకు తెల్దు. పనినుంచి వచ్చేసరికి అన్నీ అయిపోయింటాయి గదా."

ఆ రాత్రి అక్కడే పడుకుంది. పొద్దున జైతూన్ గోరీ దగ్గరికి తీసుకుపోయింది. తర్వాత బస్సెక్కించింది. మళ్ళీ రా అక్కా అని జైతూన్ అంది. వస్తానని మాబీ అనలేదు, రానని కూడా అనలేదు.

కొన్ని వారాల తర్వాత ఇంకో పెట్ట గుడ్లు మానేసింది. గురువారం పొద్దు వాలే వేళకు మాబీ దాన్ని చంకన పెట్టుకుని రసూల్ సాబ్ ఇంటికి పోయింది. ఆయన కత్తి నూరుకుంటూ, ఆమె మెడవైపు చూడకుండానే, అలవాటుగా అడిగాడు.

"పాతేహాకా, కూట్లోకా?"

"పాతేహాకే మామా."

కత్తి రాతి మీద ఆగిపోయింది. ఏళ్ళుగా ఆ మాట కోసం కాచుకున్న మనిషే, తీరా విన్నాక తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు. ఎవరి పేరు మీద అని అడగలేదు. సాయంత్రం వచ్చి చదివి పోయాడు. మాబీ ఒక పళ్ళెం గంగక్కకు ఇచ్చి వచ్చింది. కళ్యాణదుర్గం బస్సు హారను కొట్టుకుంటూ వచ్చి నిలబడేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. గడపలోకి పోలేదు. తన పళ్ళెం ముందు పెట్టుకుని, ఉండలు వేడిగా ఉండగానే తింది.